ఒకే ఉయ్యాలలో ఇద్దరు

వినుకొండ పోస్టు
19 జనవరి 2025, ఆదివారం

తమ్ముడు శివరామకృష్ణకి,

క్షేమమని రాయబోయి ఆగాను. ఉత్తరం అబద్ధంతో మొదలుపెట్టడం ఎందుకని. బతికి ఉన్నాం. మీ బావ పొలం వెళ్ళొస్తున్నాడు, గేదె పాలిస్తోంది. అంతవరకు రాయగలను.

అక్క ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అందరినీ అడుగుతున్నావట. ఆ ఫోన్ హారిక కొనిపెట్టింది కదా. మోగిన ప్రతిసారీ దాని పేరు వస్తుందేమో అని చూస్తాను. నా కూతురు పోయి ఏడాది కావస్తోంది, అయినా చూస్తాను. అందుకే దాన్ని బీరువాలో చీరల కింద పెట్టేశాను. ఐదో తరగతి దాకా చదివిన చదువు ఎక్కడికి పోయింది, ఉత్తరం రాద్దామనుకున్నాను. తప్పులుంటే నవ్వుకో, ఎవరికీ చూపించకు.

మొదటి కోత మిరపకాయలు కల్లంలో ఎండబోశాం. మధ్యాహ్నం పూట పక్కనే పట్టా వేసుకుని కునుకు తీస్తే ఒకటే కల. హారిక ఆ ఎర్రటి కాయల మీద నడుచుకుంటూ వస్తుంది. దాని కాళ్ళ కింద ఒక్క కాయ కూడా చిట్లదు. ఆ ఘాటుకు నేను తుమ్ముతాను, మీ బావ తుమ్ముతాడు, అది మాత్రం తుమ్మదు. కలలోనే నాకు అర్థమైపోతుంది, ఇది ఇక లేదని. అయినా లేవబుద్ధి కాదు.

దాని వెనక ఇంకో మనిషి వస్తుంటుంది. మొన్న ముఖం కనిపించింది. మన కల్లంలో నలభై ఏళ్ళు తాలుకాయలు ఏరిన ఎలీసమ్మ.

కల కాబట్టి వదిలేసేదాన్ని. కానీ ఎలీసమ్మ నిజంగానే మంచం పట్టింది. ఆయాసం. చర్చి వెనక ఇంట్లో కోడలు చూసుకుంటోంది. ఆమె గురించి నీకు చెప్పాల్సిన సంగతి ఒకటి యాభై ఏళ్ళుగా నా దగ్గర ఉండిపోయింది. చెప్పేముందు ఒకటి అడుగుతాను. చిన్నప్పుడు ఎలీసమ్మ నీతో ఎలా ఉండేది? నీకు గుర్తున్నది రాయి. మరదలు సాయిలక్ష్మిని అడిగానని చెప్పు.

అక్క
సామ్రాజ్యం


ఒంగోలు
28 జనవరి 2025

అక్కా,

పోస్టుమేన్ కవరు ఇస్తే సాయిలక్ష్మి గుండె పట్టుకుంది. ఈ రోజుల్లో మనలాంటి వాళ్ళకు కవర్లో వచ్చేది నోటీసే అని దాని నమ్మకం. నీ అక్షరాలు చూశాక ఊపిరి తీసుకుంది. నాకైతే బడికి పోయేప్పుడు పలక మీద నువ్వు దిద్దించిన 'శ' గుర్తొచ్చింది.

ఇక్కడ నా పని మామూలే. పశువుల ఆసుపత్రిలో డాక్టరు గారు చెయ్యి చాపుతారు, నేను సూది అందిస్తాను. నిన్న ఒక ఒంగోలు గిత్త నా కాలు తొక్కింది. గిత్త మంచి జాతిది కాబట్టి కుంటుతూ కూడా గర్వపడుతున్నాను.

ఎలీసమ్మ సంగతి అడిగావు. గుర్తున్నది రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను, ఆమెకు నేనంటే గిట్టదు. కల్లంలో అందరూ నన్ను ఎత్తుకునేవారు, బుగ్గలు గిల్లేవారు. ఆమె మాత్రం నేను వస్తుంటే ముఖం తిప్పేసేది. మూడో తరగతిలో కాయల కుప్ప మీద పడి కళ్ళల్లోకి కారం పోయింది చూడు, అప్పుడు అందరికంటే దగ్గరగా ఉన్నది ఆమె. నేను చేతులు చాచాను. లేచి బస్తాల వెనక్కి వెళ్ళిపోయింది. అంత రాతి మనిషిని మళ్ళీ చూడలేదు.

ఇంకోటి. ఒకసారి ఆకలేసి ఆమె సద్దిగిన్నెలో చెయ్యి పెట్టాను. అమ్మ వచ్చి వీపు వాయగొట్టింది. కులం పట్టింపు అనుకున్నాను. మన అమ్మ అందరి మీదా అంత పట్టింపు చూపించేది కాదే అని పెద్దయ్యాక తోచింది.

నువ్వు ఆ కల్లం పక్కన పడుకోకు. ఘాటుకి కలలు కూడా మండుతాయి. బావగారికి నమస్కారాలు. ఆ సంగతేమిటో దాచకుండా రాయి.

నీ తమ్ముడు


వినుకొండ పోస్టు
9 ఫిబ్రవరి 2025

తమ్ముడూ,

నీ కళ్ళల్లో కారం పడ్డ రోజు నేనూ ఉన్నాను. నువ్వు కళ్ళు మూసుకుని గుక్కపట్టావు కాబట్టి నీకు కనిపించలేదు. ఎలీసమ్మ బస్తాల చాటున నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. రాయి అయితే అలా ఊగదు.

ఇక చెబుతాను. కూర్చుని చదువు.

నాకూ నీకూ మధ్య ఇద్దరు మగపిల్లలు పుట్టి పురిట్లోనే పోయారని నీకు తెలుసు. మూడోసారి నువ్వు పుట్టావు, డిసెంబరులో. నాకు ఆరేళ్ళు. ఈ ఇంట్లో పిల్లలు నిలవడం లేదని నాన్నమ్మ పాత పద్ధతి చేయించింది. పసివాణ్ణి చేటలో పడుకోబెట్టి, దొడ్డి గుమ్మం దగ్గర పరాయి ఆమెకు అమ్మేయాలి. ఆమె శేరు తవుడు ఇచ్చి కొనుక్కుంటుంది. తర్వాత మనం మళ్ళీ కొనుక్కోవాలి. చావు వెతుక్కుంటూ వస్తే ఈ ఇంటి బిడ్డ ఇక్కడ లేడు, వేరేవాళ్ళ బిడ్డ ఉన్నాడు అని దాని కళ్ళు కప్పడం. అలా అమ్మిన పిల్లాడికి దిష్టి తగలని పేరు పెడతారు. బిచ్చయ్య అని నీకు పెట్టారు, బళ్ళో చేరేప్పుడు నాన్న మార్పించాడు.

నిన్ను కొన్నది ఎలీసమ్మ. ఆమె కూడా అప్పుడే పురుడు పోసుకుని ఉంది. ఐదు నిమిషాల్లో అయిపోవాల్సిన తంతు. కానీ నిన్ను ఇంట్లోకి తేగానే ఒళ్ళు నీలంగా మారింది. ఆమె చేతిలో పెడితే ఊపిరి తీసుకున్నావు. రెండుసార్లు అలాగే అయింది. అమ్మకు పురిటి జ్వరం, పాలు లేవు. ఉగాది దాకా బిడ్డ అక్కడే ఉండాలి, ఊళ్ళో పొక్కకూడదు అంది నాన్నమ్మ. వాళ్ళ ఇంట మంచినీళ్ళు కూడా తాగని రోజులు. అందుకే నువ్వు చీరాల దగ్గర అమ్మమ్మ గారింట్లో ఉన్నావని చెప్పేవారు. ఆ మాటే నీకూ చెప్పి పెంచారు.

రోజూ పొద్దున్నే ఎలీసమ్మకు అన్నం గిన్నె పట్టుకెళ్ళేది నేను. వాళ్ళ తాటాకు ఇంట్లో చీర ఉయ్యాల. అందులో ఇద్దరు, అటొకరు ఇటొకరు. ఒకే గుడ్డ కప్పి ఉండేది.

ఉగాదికి కొద్ది రోజుల ముందు, నాన్న పార భుజాన వేసుకుని, గుడ్డలో చుట్టిన చిన్న మూట చేతుల్లో పట్టుకుని పొలం గట్టు వెంట పోవడం చూశాను. ఆ మూట ఏమిటో నాకు తెలుసు. అంతకుముందు రెండుసార్లు చూశాను కదా. మన ఇంటి బిడ్డ మళ్ళీ పోయాడని అర్థమైంది. ఆ సాయంత్రమే అమ్మ వెళ్ళి ఉయ్యాలలో మిగిలిన బిడ్డను తెచ్చుకుంది. ఎలీసమ్మ వాకిట్లో కూలబడి మట్టి కొట్టుకుంటూ ఏడ్చింది.

నువ్వు మా అమ్మ కన్న కొడుకువి కాదు తమ్ముడూ. ఎలీసమ్మ కొడుకువి.

ఇన్నేళ్ళు ఎందుకు దాచావంటావేమో. దాచానని కూడా నాకు తెలియలేదు. ఇంట్లో తమ్ముడున్నాడు, అంతకంటే నాకేం కావాలి? హారిక పోయాక ఆ ఏడుపు నాకు మళ్ళీ వినపడింది. నా బిడ్డ లేదని నాకు తెలుసు. ఆమె బిడ్డ ఎదురుగా తిరుగుతూ ఇంకొకరిని అమ్మా అని పిలుస్తుంటే నలభై ఏళ్ళు తలవంచుకుని కాయలు ఏరింది. ఆమె పోయేలోగా ఒక్కసారి వెళ్ళి ముందు కూర్చో. ఇంకేం అడగను.

అక్క


ఒంగోలు
18 ఫిబ్రవరి 2025

అక్కా,

ఇప్పటికైతే అక్కా అనే రాస్తున్నాను.

నీ ఉత్తరం సాయిలక్ష్మి కూడా చదివింది. "వదినకి మనసు బాగాలేదండీ, పట్టించుకోకండి" అంది. నేను పట్టించుకున్నాను.

నా ఎడమ కాలి చిటికెన వేలు పక్క వేలి మీదకు ఎక్కి ఉంటుంది. నాన్నకు అలాగే ఉండేది. నీకూ అలాగే ఉంటుంది. అది ఎలీసమ్మ ఇచ్చిందా? యాభై ఏళ్ళ మనిషికి మీ అమ్మ మీ అమ్మ కాదని ఉత్తరంలో రాస్తావా, మిరపకాయల సంగతి రాసినట్టు?

నాకొకటి అర్థమైంది. హారిక పోయిన రోజు నేను కొండల్లో పశువులకు టీకాలు వేస్తూ ఉన్నాను, సిగ్నల్ లేదు. వచ్చేసరికి అంతా అయిపోయింది. మేనమామనై ఉండి ఆఖరి చూపుకు కూడా అందలేదు. నువ్వు ఆ రోజు ఒక్క మాట అనలేదు. ఏడాది పొడుగునా అనలేదు. ఇప్పుడు ఇలా అన్నావు. నీ రక్తం అయితే వచ్చి ఉండేవాడిననేగా?

అనాల్సింది సూటిగా అనేస్తే పోయేది. పడేవాణ్ణి.

సంవత్సరీకానికి నేను రాలేను. నాకు రాయకు కొన్నాళ్ళు.

శివరామకృష్ణ


వినుకొండ పోస్టు
2 మార్చి 2025

తమ్ముడూ,

రాయవద్దన్నావు. ఇదొక్కటి రాసి ఊరుకుంటాను.

హారిక ఏడాది అయిపోయింది. విస్తళ్ళు వేసేప్పుడు మీ బావ ఒకటి ఎక్కువ వేయించి, నీ కోసం చూసి, తీయించేశాడు.

నువ్వు ఆలస్యంగా వచ్చావన్న సంగతి నీ ఉత్తరం చదివాకే నాకు తెలిసింది. ఒట్టు. ఆ రోజు ఎవరొచ్చారో, ఎవరు రాలేదో నాకేమీ గుర్తు లేదు. నా భుజం మీద ఒక చెయ్యి ఉంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తీయలేదు. అది నీ చెయ్యే అని ఏడాదిగా అనుకుంటున్నాను. తమ్ముడు పక్కనే ఉన్నాడు కాబట్టి ఆ రోజు గడిచిందని అందరితో చెప్పుకున్నాను. విన్నవాళ్ళు ఎవరూ కాదనలేదు. నన్ను చూసి జాలిపడి ఊరుకున్నారు కాబోలు. నీ మీద కోపం పెట్టుకోవడానికి నాకు నువ్వు రాని సంగతే తెలియదు కదరా.

వేలి సంగతి నాకు తట్టలేదు. నీ ఉత్తరం చదివి చెప్పులు విప్పి చూసుకున్నాను. నిజమే, నాకూ ఉంది. మరి నేను చూసింది ఏమిటి? నాన్న చేతిలో మూట చూశాను. ఆమె ఏడుపు విన్నాను. ఇంకొకటి కూడా ఉంది. అమ్మ నిన్ను తెచ్చిన మర్నాడు ఎలీసమ్మ మన కల్లానికి వచ్చింది, దగ్గరకు వస్తే మల్లెపూల వాసన. ఎండుమిరప ఘాటు మధ్య మల్లెపూలు. తలలో చూస్తే పూలు లేవు. వాసన రవికలోంచి వస్తోంది. బిడ్డ పోతే ఎవరైనా పూలు పెట్టుకుంటారా? తన కొడుకు పెద్దింటికి చేరాడని సంబరపడుతోంది అనుకున్నాను. ఆరేళ్ళ బుర్ర. అదే బుర్రతో యాభై ఏళ్ళు నమ్మాను.

నేను పొరపాటు పడి ఉంటే చెంపలు వేసుకుంటాను. నన్ను నమ్మకపోయినా ఫరవాలేదు. ఎలీసమ్మ మాత్రం రోజు రోజుకీ నీరసించిపోతోంది. అసలు నిజం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. నాకు అడిగే ధైర్యం లేదు.

కల్లంలో రెండో కోత కూడా ఎండింది. కలలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇప్పుడు హారిక ఒక్కతే వస్తోంది, వెనక ఎవరూ లేరు. వచ్చి నా పక్కన పట్టా మీద కూర్చుంటుంది. నీ సంగతి అడుగుతుంది.

సామ్రాజ్యం


ఒంగోలు
18 మార్చి 2025

అక్కా,

ముందు క్షమించు. ఆ ఉత్తరం రాసిన చేత్తోనే ఇది రాస్తున్నాను, సిగ్గుగా ఉంది.

మొన్న ఆదివారం నీకు చెప్పకుండా మన ఊరు వచ్చాను. నిన్ను చూసే మొహం లేక నేరుగా చర్చి వెనక ఇంటికి వెళ్ళాను. ప్రార్థన అయి జనం వస్తున్నారు. ఎలీసమ్మ నులక మంచం మీద గోడకి తిరిగి పడుకుని ఉంది. కోడలు కుర్చీ వేసింది.

"ఎవురూ?"

"పేరయ్య గారి అబ్బాయిని. శివరామకృష్ణని."

"బిచ్చయ్యవా? పేరు మార్చుకుంటే గొంతు మారుద్దా?" గోడకేసే చూస్తూ అంది. "గొడ్ల డాట్టరువంటగా."

"డాక్టర్ని కాదు, డాక్టరుకు సూది అందిస్తాను."

"అయితే నాకాడికెందుకొచ్చావ్? నాకేమన్నా గిట్టలున్నాయా?"

కోడలు నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. నేను అటూ ఇటూ తిప్పకుండా అడిగేశాను. అక్క ఇలా చెప్పింది, నేను నీ కొడుకునట, నిజమేనా అని. ఆమె నవ్వింది అక్కా. ఆయాసం వచ్చి, దగ్గి, నీళ్ళు తాగి, మళ్ళీ నవ్వింది.

"సామ్రాజ్యం చెప్పిందా? పిచ్చి మొఖంది. నువ్వు నా కొడుకువైతే మీ అమ్మకు ఇచ్చేదాన్నా? కత్తిపీటేసుకుని గుమ్మంలో కూర్చునేదాన్ని. అయినా ఆ మీ నాన్న ముక్కేసుకుని నా కడుపున పుడతావంట్రా? నా పిల్లలు అంత వికారంగా ఉండరు."

ఆ 'అంట్రా' దగ్గర కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకున్నాను. ఎప్పుడూ నన్ను అలా పిలవలేదు.

తర్వాత తనే చెప్పింది, గోడకే చెప్పింది. ఆమెకు పుట్టింది ఆడపిల్ల. నాకంటే పదకొండు రోజులు పెద్ద. ఇద్దరినీ ఒకే ఉయ్యాలలో వేసింది. పాలు ఒకళ్ళకు సరిపోతాయి, ఇద్దరికి చాలవు. కొన్న బిడ్డ చస్తే ఆ వంశం ఉసురు నీకు తగులుద్దని నాన్నమ్మ బెదిరించిందట. పనిచ్చేది మనమే, అన్నం గిన్నె మన ఇంటిదే. ముందు నాకు పట్టి, మిగిలింది ఆ పిల్లకు పట్టేది.

"ఒక పొద్దు మనసాగలా. నా పిల్లకే ముందు పట్టా. ఆ సాయంత్రమే మీ అమ్మ ముసుగేసుకుని వచ్చి గుమ్మంలో కూర్చుంది. ఎవురు చేరేసేవాళ్ళో, ఎప్పుడు ఎవురికి పట్టానో ఆమెకి తెలిసిపోయేది. ఆ రోజు నించీ రోజూ వచ్చేది. తిట్టలా, కొట్టలా. జొరం మొఖంతో అట్టా చూస్తా కూర్చునేది. ఆమె కళ్ళ ముందర నా పిల్లని ముందు తీసుకోటానికి నా చెయ్యి లేవలా."

ఎవరు చేరవేసేవారు అని అడిగాను. "పోయే కాలాన ఆ మాటెందుకులే" అంది.

ఆ పిల్ల చిక్కిపోయింది. జ్వరం వచ్చింది. ఉయ్యాలలోనే పోయింది అక్కా, నా పక్కన. అప్పుడు నేను నిద్రపోతున్నానట. ఎలీసమ్మ భర్త పొగాకు పనికి ఒంగోలు వైపు పోయి ఉన్నాడు. అందుకని నాన్నే వచ్చి మూట అందుకున్నాడు. నువ్వు చూసింది ఆ పిల్లనే. చావు జరిగిన ఇంట్లో బిడ్డను ఉంచకూడదని అమ్మ ఆ సాయంత్రమే నన్ను తీసుకుపోయింది. పొద్దున ఇద్దరు, సాయంత్రానికి ఒక్కరూ లేరు.

నీ మల్లెపూల సంగతి అడిగాను. పాలు నిండి నొప్పికి తాళలేకపోతుంటే, పూలు కట్టుకుంటే ఎండిపోతాయని వాళ్ళ అత్త రొమ్ములకు కట్టిందట. మర్నాడు కూలికి వచ్చింది అలాగే.

దూడ చచ్చిన గేదెకు తోలులో గడ్డి కూరి పక్కన నిలబెడతారు. నా పనిలో ఎన్నిసార్లు చూశానో. గేదె దాన్ని నాకి పాలు చేపుతుంది. ఎలీసమ్మకు ఆ గడ్డి దూడ కూడా ఇవ్వలేదు మనం.

నన్ను ఎందుకు చూసేదానివి కాదు అని అడిగాను.

"చూస్తే సలిపేదిరా. రవిక తడిసేది. ఏడాది దాకా తడిసింది. ఆ తరవాత అలవాటైపోయింది."

కాళ్ళు పట్టుకోబోతే లాక్కుంది. "లే. నేనేం పెంచలా. కొన్నా, తిరిగి ఇచ్చా" అంది. బస్సుకు వచ్చేశాను. మన వీధి మలుపులో ఆగి మీ ఇంటి వైపు చూసి వచ్చాను. బావ వాకిట్లో కూర్చుని ఉన్నాడు.

నాకు అమ్మ మీద కోపం రావాలా, జాలి రావాలా? ఇద్దరు పిల్లల్ని మట్టిలో పెట్టిన మనిషి మూడోవాణ్ణి ఎలాగైనా దక్కించుకోవాలనుకుంది. దక్కించుకుంది. ఆ దక్కినవాణ్ణి నేను. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

నీ తమ్ముడు


వినుకొండ పోస్టు
6 ఏప్రిల్ 2025, ఆదివారం

నా తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. జవాబు రాయలేక కాదు, రాసేముందు చేయాల్సిన పని ఒకటి ఉండి ఆగాను.

ఎవరు చేరవేసేవారని అడిగావు. నేనేరా.

చదువుతుంటేనే తెలిసిపోయింది. అన్నం గిన్నె ఇచ్చి తిరిగి వచ్చాక అమ్మ మంచం మీద నుంచి నన్ను దగ్గరకు పిలిచేది. ఒళ్ళు కాలిపోతుండేది. నా గడ్డం పట్టుకుని, "ఇయ్యాల ముందెవరికి పట్టింది?" అని అడిగేది. మన బాబుకి అంటే బెల్లం ముక్క పెట్టేది. రోజూ అదే మాట, రోజూ బెల్లం. ఒకరోజు, "ఇయ్యాల ఆళ్ళ బిడ్డకి" అన్నాను. ఆ రోజు కూడా బెల్లం పెట్టింది. కొంచెం పెద్ద ముక్క పెట్టింది. మంచి కబురు తెచ్చాననుకున్నాను.

ఇన్నాళ్ళూ ఉయ్యాల గుర్తుంది, పార గుర్తుంది, మల్లెపూలు గుర్తున్నాయి. బెల్లం ముక్క ఒక్కటీ ఎక్కడ దాక్కుందో చూడు.

ఉగాది వెళ్ళిన మూడో రోజు ఎలీసమ్మ ఇంటికి వెళ్ళాను. ఎప్పుడూ పేరు పెట్టి పిలిచిన మనిషే. ఆ రోజు నోరు రాలేదు. "అత్తా" అన్నాను. వాళ్ళ కోడలు తలుపు దగ్గర ఆగిపోయి చూసింది.

"అత్తా, అమ్మకు చెప్పింది నేను. ఆ పూట పాపకు ముందు పట్టావని."

"తెలుసులే" అంది. "నువ్వు కాక ఎవురు చెబుతారు? గుమ్మం దిగేలోపే చంకలెగరేసుకుంటా ఉరికేదానివి."

"మరి తమ్ముడికి ఎందుకు చెప్పలేదు?"

"ఆరేళ్ళ పిల్ల మీద చాడీ చెప్పటానికి డెబ్బై మూడేళ్ళు బతికానా? నువ్వు అబద్ధమేం చెప్పలా. నేను పట్టింది నిజమేగా."

నేను మంచం పట్టె మీద తల పెట్టి ఏడుస్తున్నాను. నా కోసమో, హారిక కోసమో, ఎవరి కోసమో తెలియడం లేదు. ఏడాది నుంచి మీ బావ ముందు ఏడవను. హారిక పేరెత్తితే ఆయన లేచి పొలం వెళ్ళిపోతాడు. ఏం చేస్తాడు పాపం, ఆయనకు అదే దారి. ఎలీసమ్మ నా జుట్టు పట్టి లాగింది.

"ఏడుపాపు. ఒకటడుగుతా చెప్పు. రోజూ వచ్చి ఉయ్యాల్లోకి తొంగి చూసేదానివి గదా. నా పిల్ల ఎట్టా ఉండేదే?"

నాకు అర్థం కాలేదు.

"మొఖం పోయింది నాకు. పదేళ్ళ నించీ ఎతుకుతున్నా, దొరకట్లా. ఫోటో లేదు, పేరన్నా పెట్టలా. మా ఆయన పోయాడు, మా అత్త పోయింది, మీ అమ్మ పోయింది. మీ తమ్ముడు పక్కనే ఉన్నాడు గానీ వాడికేం తెలుసు. చూసినోళ్ళలో నువ్వే మిగిలావ్. చెప్పు."

అని కళ్ళు మూసుకుంది, చూడటానికి.

చెప్పాను తమ్ముడూ. ఇల్లు తాటాకులది కదా, సందుల్లోంచి వెలుగు పడేది, ఆ వెలుగు కదిలితే కళ్ళు కూడా అటే తిప్పేదని చెప్పాను. చెయ్యి ఎప్పుడూ గుడ్డ బయటే ఉంచేదని, వేలు పెడితే పట్టుకుని వదిలేది కాదని చెప్పాను. నవ్వబోయే ముందు కింది పెదవి లోపలికి లాక్కునేదని చెప్పాను.

ఆ మాట అన్నాక భయం వేసింది. పెదవి అలా లాక్కునేది హారిక. వెలుగు చూసింది ఆ పిల్లో, నువ్వో నాకు తెలియదు. ఇద్దరిలో ఎవరు పోయారో కూడా తెలుసుకోలేని కళ్ళు నావి. వాటిని నమ్ముకుని ఒక తల్లికి బిడ్డ ముఖం చెబుతున్నాను. ఆపేద్దామనుకున్నాను, అత్తా నాకు సరిగ్గా గుర్తు లేదు అందామనుకున్నాను.

ఎలీసమ్మ నా వైపు తిరిగింది. కళ్ళు తెరవలేదు.

"ఆఁ... ఆ పెదవి. అదే. అదే నా పిల్ల. ఇంకా చెప్పు" అంది.

ఇంకా చెప్పాను. పొద్దు వాలేదాకా ఆమె పక్కన కూర్చుని హారిక గురించి చెప్పాను.

రేపు కూడా రమ్మంది. వెళ్తాను.

అక్క
సామ్రాజ్యం